పేగు జబ్బుతో పాటు వచ్చే దిగులు, ఆందోళన: చికిత్స గురించి మన కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

క్రోన్స్ జబ్బు, అల్సరేటివ్ కొలైటిస్ - ఈ రెంటినీ కలిపి ఐబీడీ అంటారు. పేగుల్లో వాపు, పుండ్లు వచ్చి, కొన్నాళ్లు తగ్గి, మళ్లీ తిరగబెట్టే దీర్ఘకాలిక జబ్బులివి. పేరు దగ్గరగా ఉన్నా ఐబీఎస్ వేరు, అందులో పేగుకు పుండ్లు పడవు. మా వారికి చాలా ఏళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. నేను బీఎస్సీ చదివిన గృహిణిని, డాక్టర్ని కాను. ఇన్నేళ్లలో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవి అమెరికాలో ఉన్న మనవాళ్లకు పనికొస్తాయని ఒకచోట రాస్తున్నాను. మందు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మాత్రం మీ డాక్టర్ చెప్పినట్టే చేయండి.

ఇది ఎంతమందికి ఉంటుంది?

2021లో లాన్సెట్ వారి గ్యాస్ట్రోఎంటరాలజీ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 77 అధ్యయనాల్లోని 30 వేల మందికి పైగా ఐబీడీ రోగుల వివరాలను కలిపి చూశారు. దాదాపు మూడోవంతు మందిలో ఆందోళన లక్షణాలు, నాలుగోవంతు మందిలో డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయని తేలింది. జబ్బు తిరగబెట్టి ఉన్నప్పుడు సగానికి పైగా మందిలో ఆందోళన కనిపించింది. జబ్బు అదుపులో ఉన్నవాళ్లలోనూ ఇవి తక్కువేమీ కాదు. కాబట్టి 'కొలనాస్కోపీ రిపోర్టు బాగానే వచ్చిందిగా, ఇంకా దిగులెందుకు?' అని అడగడం సరికాదు.

మన పిల్లల విషయంలో ఇంకో సంగతి ఉంది. కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనంలో, దక్షిణాసియా నుంచి వలస వచ్చిన పెద్దవాళ్లలో ఐబీడీ తక్కువగా ఉంటే, వాళ్లకు అక్కడ పుట్టిన పిల్లల్లో మాత్రం స్థానికుల పిల్లలతో దాదాపు సమానంగా కనిపించింది. 'మన వంశంలో ఎవరికీ లేదు' అన్న ధీమా ఇక్కడ పుట్టిన పిల్లలకు వర్తించదు. పైగా ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది టీనేజీలో, ఇరవైల్లో. అది చదువు, ఉద్యోగం, పెళ్లి మాటలు అన్నీ నడిచే వయసు.

మనసు ఎందుకు కుంగుతుంది?

కారణం ఒక్కటే ఉండదు. పేగుకు, మెదడుకు మధ్య వేగస్ నరం ద్వారా, రక్తంలోని రసాయనాల ద్వారా ఎప్పుడూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి. పేగులో వాపు ఉన్నప్పుడు పుట్టే సైటోకైన్లు నిద్ర మీద, ఉత్సాహం మీద కూడా ప్రభావం చూపుతాయి.

రెండోది మందులు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసోన్ లాంటి స్టెరాయిడ్లు కొందరిలో నిద్రలేమి, చిరాకు, ఏడుపు, అతి హుషారు తెస్తాయి. మోతాదు రోజుకు 40 మిల్లీగ్రాములు దాటినప్పుడు ఆ ప్రమాదం పెరుగుతుంది. అలాగని సొంతంగా మానేయకూడదు. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే ప్రమాదం, డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి.

మూడోది పోషకాల లోపం. బీ12 విటమిన్‌ను ఒంటికి పట్టించేది చిన్నపేగు చివరి భాగం. క్రోన్స్ ఎక్కువగా దెబ్బతీసేది, ఆపరేషన్‌లో తరచుగా తీసేసేది ఆ భాగాన్నే. మాంసం తినని మనవాళ్లలో బీ12 ముందే తక్కువగా ఉండొచ్చు. రక్తం పోవడంతో ఐరన్ తగ్గుతుంది. నీరసం, మతిమరుపు, దిగులు ఉంటే బీ12, ఫెరిటిన్, విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేయించమని అడగండి.

చివరిది రోజువారీ బతుకు. గుడికి వెళ్లాలన్నా, పాట్‌లక్‌కు వెళ్లాలన్నా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవాలి. పులిహోర వడ్డిస్తే తినలేరు, ఎందుకు తినరో చెప్పలేరు. 'ఇలా చిక్కిపోయావేంటమ్మా' అని పదిమందిలో అంటే నవ్వి ఊరుకోవాలి. ఇలా కొన్నేళ్లు గడిస్తే ఎవరైనా ఇంట్లోంచి కదలడం తగ్గించేస్తారు.

గుర్తించడం ఎలా?

డాక్టర్లు వాడే రెండు చిన్న ప్రశ్నావళులున్నాయి. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు, 27 మార్కులు. ఆందోళనకు జీఏడీ-7లో ఏడు ప్రశ్నలు, 21 మార్కులు. రెండూ గత రెండు వారాల గురించే అడుగుతాయి. దేంట్లోనైనా 10 లేదా అంతకు మించితే డాక్టర్‌తో వివరంగా మాట్లాడాలి. ఇది ఖరారైన నిర్ధారణ కాదు, అడగడానికి ఒక ఆధారం మాత్రమే. నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం పేగు జబ్బు వల్ల కూడా వస్తాయి. అందుకే ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోవడం, ఇక బాగుపడననే నిరాశ, నేనొక భారమననే మాట - వీటిని ప్రత్యేకంగా గమనించండి.

గ్యాస్ట్రో డాక్టర్ తనంతట తాను మనసు గురించి అడగకపోవచ్చు. అపాయింట్‌మెంట్‌కు ముందే పోర్టల్‌లో 'నిద్ర, దిగులు గురించి కూడా మాట్లాడాలి' అని రాసి పెట్టడం మాకు బాగా పనికొచ్చింది.

చికిత్సలు

మొదట పేగు జబ్బును అదుపులోకి తేవాలి. నొప్పి, రక్తం తగ్గితే చాలామందికి మనసు కూడా కొంత తేలికపడుతుంది. అయినా దిగులు మిగిలితే దానికి విడిగా చికిత్స కావాలి.

మాటల చికిత్సల్లో బాగా పరిశీలించినది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. 'దారిలో వస్తే ఎలా' అనే భయంతో కారెక్కడమే మానేసినవాళ్లకు, ముందు పది నిమిషాల ప్రయాణం, తర్వాత ఇరవై నిమిషాలది, ఇలా మెట్లు మెట్లుగా ధైర్యం పెంచుతారు. బ్యాగులో ఒక జత బట్టలు పెట్టుకోవడం కూడా అందులో భాగమే. ఇది మనసును, జీవన నాణ్యతను మెరుగుపరుస్తుంది కానీ పేగులో పుండ్లను మాన్పదు. థెరపీ బాగుందని మెసలమిన్, బయోలాజిక్ మందులు ఆపకూడదు. జీర్ణకోశ జబ్బుల మీద పనిచేసే సైకాలజిస్టులు కూడా ఉంటారు, మీ గ్యాస్ట్రో డాక్టర్‌ని రిఫరల్ అడగండి.

మందుల్లో సాధారణంగా మొదట ఇచ్చేవి సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి ఎస్ఎస్ఆర్ఐలు. వీటిని ప్రైమరీ కేర్ డాక్టరే మొదలుపెట్టొచ్చు. పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, విరేచనాలు రావచ్చు. సెర్ట్రలిన్‌తో విరేచనాలు కాస్త ఎక్కువ. జబ్బు తిరగబెట్టిందేమోనని భయపడి మానేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆకలి, నిద్ర లేక బరువు తగ్గినవాళ్లకు కొన్నిసార్లు మిర్టజపిన్ ఇస్తారు. నొప్పి ఎక్కువగా ఉంటే చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇస్తారు. దానితో మలబద్ధకం వస్తుంది కాబట్టి పేగు సన్నబడినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

గుర్తుపెట్టుకోవాల్సిన జాగ్రత్తలు:

- ఎస్ఎస్ఆర్ఐ వాడుతూ ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. ఐబీడీలో ఆ మాత్రలు ఎలాగూ మంచివి కావు.
- సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను ఎస్ఎస్ఆర్ఐతో కలపకూడదు. ఇండియా నుంచి తెచ్చుకున్న చూర్ణాలు, లేహ్యాలు కూడా డాక్టర్‌కి చూపించండి.
- 25 ఏళ్లలోపు వాళ్లలో మందు మొదలుపెట్టిన వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని ఎఫ్‌డీఏ హెచ్చరిక ఉంది. మందు వద్దని కాదు, ఆ రోజుల్లో పిల్లల్ని దగ్గరగా గమనించాలి.
- బాగుందనిపించగానే హఠాత్తుగా ఆపకండి.

మనవాళ్లను ఆపే భయాలు

వీసా: గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో మానసిక ఆరోగ్యం విషయంలో చూసేది, జబ్బుతో ముడిపడి తనకో ఇతరులకో హాని చేసే ప్రవర్తన ఉందా అని. డిప్రెషన్‌కు మందు వాడుతున్నంత మాత్రాన గ్రీన్‌కార్డు ఆగదు. అడిగినదానికి నిజమే చెప్పాలి. గతంలో అలాంటి సంఘటన ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని ముందే కలవండి.

ఉద్యోగం: హిపా చట్టం ప్రకారం డాక్టర్ మీ అనుమతి లేకుండా ఆఫీసుకు చెప్పకూడదు. 50 మంది గానీ అంతకు మించి గానీ ఉన్న కంపెనీలో ఏడాది పని చేసి, అందులో 1,250 గంటలు పూర్తయితే ఎఫ్ఎంఎల్ఏ కింద ఏడాదికి 12 వారాల వరకు జీతం లేని సెలవు దొరుకుతుంది. అవసరాన్ని బట్టి దాన్ని విడివిడిగా కూడా వాడుకోవచ్చు.

భాష: ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాలి. అత్తగారు తన దిగులు గురించి కొడుకు ముందు చెప్పలేకపోవచ్చు, కోడలి ముందు అసలే చెప్పరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకైతే 14416 నంబరులో టెలి మానస్ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

బయటికి వెళ్లడం: ఇల్లినాయ్ 2005లో తెచ్చిన చట్టం ప్రకారం, ఐబీడీ ఉన్నవాళ్లు దుకాణాల్లో సిబ్బంది బాత్రూమ్ అడిగి వాడుకోవచ్చు. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు తెచ్చాయి. మీ రాష్ట్రంలో ఉందేమో చూసుకుని, డాక్టర్ రాసిచ్చిన కార్డు పర్సులో ఉంచుకోండి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

'ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఆలోచించు' అనే మాటల కన్నా 'ఈ వారం ఏది కష్టంగా ఉంది?' అన్న ప్రశ్న మేలు. తిండి గురించి రోజూ తగువు పెట్టకండి. భోజనానికి పిలిచేవాళ్లు ఆయన తినగలిగేది ఏమిటో ముందే అడిగితే చాలు, అందరి ముందు కారణం అడగక్కర్లేదు. చూసుకునేవాళ్లకూ అలసట వస్తుంది, పీహెచ్‌క్యూ-9 వాళ్లు కూడా నింపి చూసుకోవచ్చు.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలకండి, మందుల సీసాలు అందకుండా తీసేయండి. అమెరికాలో, కెనడాలో 988కి ఏ వేళైనా ఫోన్ గానీ మెసేజ్ గానీ చేయొచ్చు. బ్రిటన్‌లో సమారిటన్స్ నంబరు 116 123. ప్రాణాపాయం అనిపిస్తే ఆలస్యం చేయకుండా అమెరికా, కెనడాల్లో 911కి, బ్రిటన్‌లో 999కి చేయండి.