అసంబద్ధ హాస్యం, యువతరం: తెలుగు సినిమాలో నవ్వేవారు, నవ్వులపాలయ్యేవారు

ఉపోద్ఘాతం

తర్కానికి నిలవని కథ, పొంతనలేని సంభాషణ, బాధ్యత ఎరుగని కుర్రకారు కలిసిన హాస్యచిత్రాలను విమర్శ సాధారణంగా కాలక్షేపంగా భావించి పక్కన పెడుతుంది. అయితే 'జాతిరత్నాలు' (2021), 'మ్యాడ్' (2023) వంటి చిత్రాలకు యువతలో లభించిన ఆదరణను చారిత్రక దృష్టితో పరిశీలించవలసి ఉంది.

జానపద మూలం

మార్టిన్ ఎస్లిన్ 1961లో అసంబద్ధ నాటకరంగంగా నిర్వచించిన ధోరణి యుద్ధానంతర ఐరోపా నిస్పృహతో ముడిపడినది. తెలుగునేలపై అసంబద్ధతకు జానపద మూలం వేరుగా ఉంది. ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకీతో తెలంగాణ పల్లెల్లో తిరిగే పిట్టలదొర లేని ఆస్తులను, జరగని వేటలను ఘనంగా వర్ణిస్తాడు. అవి కోతలని శ్రోతలకు తెలుసు. వారికి తెలుసన్న సంగతి అతనికీ తెలుసు. నిరుపేద దొరవేషం వేయడంలోనే అధికారంపై పరిహాసం ఇమిడి ఉంది.

తెరపై కొనసాగింపు

'జాతిరత్నాలు'లోని హాస్యం ఈ కోవకు చెందినదే. జోగిపేట నుండి హైదరాబాదుకు చేరిన ముగ్గురు మిత్రులు శాసనసభ్యునిపై హత్యాయత్నం కేసులో చిక్కుకుంటారు. న్యాయశాస్త్రం చదవని కథానాయకుడు న్యాయస్థానంలో తన కేసు తానే వాదిస్తాడు. పట్టా ఉన్నా తగిన పని దొరకని యువకునికి సంస్థల గాంభీర్యం తెరపై కూలడం ఊరటనిస్తుంది. 'మ్యాడ్'లో ఇంజనీరింగ్ వసతిగృహపు అల్లరి చేసే పని కూడా ఇదే.

భాషాపరమైన మార్పు మరింత గమనార్హం. చిరకాలం హాస్యగాళ్లకు, ప్రతినాయకులకు పరిమితమైన తెలంగాణ మాండలికం 'ఫిదా' (2017)లో కథానాయిక నోట, 'జాతిరత్నాలు'లో కథానాయకుల నోట వినిపించింది. నవ్వులపాలైన భాషే నవ్వించే భాష అయింది.

అడవి అంచు

ఈ మార్పు ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు చేరలేదు. కోయ సొంత ఉనికిగల ద్రావిడ భాష. తెలుగు సినిమాలో మాత్రం 'కోయదొర' అంటే ఈకల కిరీటం, పూసల దండలు, సోది చెప్పే మారువేషం. నోట పలికేది అర్థంలేని ధ్వనుల వరుస. సజీవమైన భాష ఇక్కడ అసంబద్ధతకు ముడిసరుకైంది. పిట్టలదొర బలవంతుని వేషం వేసి బలవంతుణ్ణి ఎగతాళి చేస్తాడు. తెరమీది కోయదొర వేషం బలహీనుణ్ణి ఎగతాళి చేస్తుంది. రెండూ అసంబద్ధ హాస్యాలే అయినా వాటి సామాజిక దిశలు పరస్పర విరుద్ధాలు.

ముగింపు

కాబట్టి ఈ చిత్రాలను తర్కం ఉందా లేదా అన్న ప్రమాణంతో కాక, ఎవరి గాంభీర్యం కూలుతున్నదన్న ప్రమాణంతో అంచనా వేయాలి. దశాబ్దాల వారీగా కోయదొర సన్నివేశాలను సేకరించి విశ్లేషించడం సినిమా పరిశోధకుల ముందున్న పని. భద్రాచలం ఆశ్రమ పాఠశాలలో చదివిన యువకుడు తన భాషలో, తన మాటకారితనంతో పిట్టలదొర స్థానంలో నిలిచి నవ్వించే చిత్రం వచ్చేవరకు ఈ చరిత్ర అసంపూర్ణమే.