షాదీ సీడీలు: అల్మారీలో పడి ఉన్న మన తారీఖ్



ఎలగందుల ఖిలేదార్ సయ్యద్ కరీముద్దీన్ పేరు మీదే కరీంనగర్‌కు ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటాం. ఆదిలాబాద్ పేరులో బీజాపూర్ ఆదిల్‌షాహీలు ఉన్నారని చెప్పుకొని ఖుష్ అవుతాం. మంచిదే. మరి ఆ ఖిల్లాల నీడలో బతికిన మన నానీలు, దాదీలు ఏ గెజిటీర్‌లో ఉన్నారు? వాళ్ల తారీఖ్ ఇంట్లోనే ఉంది. అల్మారీ పై అరలో, జానిమాజ్‌ల వెనక, పాలిథిన్ కవర్లో రబ్బర్ బ్యాండ్ వేసి దాచిన షాదీ సీడీల్లో ఉంది. ఈసారి వాటి గురించే రాస్తున్నా. వాటిని ఎడిటింగ్‌కు పనికొచ్చే ఫైళ్లుగా ఎట్లా మార్చుకోవాలో కూడా చెప్తా. ఎడిటింగ్ ఎందుకని అడగొద్దు, అసలు మసలా అక్కడే ఉంది.

మన ఇండ్లల్లోకి వీడియో వచ్చింది ఖలీజ్ దారిలో. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాల పని జోరందుకుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుంచి మనవాళ్లు, మన పక్కింటి హిందూ భాయిలు బొంబాయి పోయి, అక్కడి నుంచి దుబాయి, సౌదీ, మస్కట్ విమానాలెక్కారు. ముందు ఆడియో క్యాసెట్ వచ్చింది. ఖత్ రాయడం రాని అమ్మీకి, చదవడం రాని బేటాకి మధ్య అదే ఖత్. టేప్‌రికార్డర్ ముందు కూర్చుని సలాం చెప్పి, ఏడ్చి, మళ్లీ సర్దుకొని, బాకీల లెక్క చెప్పేది. వెనక మేక అరుపు కూడా అరేబియాకు పోయేది. 1982లో, ఢిల్లీ ఏషియన్ గేమ్స్ ఏడాదిలో, దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. ఆ తర్వాత ఛుట్టీ మీద వచ్చే మామూ సామానులో అత్తరు, కంబళ్లతో పాటు వీసీఆర్ దిగడం మొదలైంది.

షాదీ వీడియోను ఇప్పుడు మనం దిఖావా అంటాం. మొదట్లో అది అట్లా లేదని నా ఖయాల్. చెల్లె నికాహ్‌కు కఫీల్ ఛుట్టీ ఇవ్వకపోతే భాయి ఏం చేయాలి? డబ్బు తనే పంపాడు, మండపం తనే కట్టించాడు, రుఖ్సతీ మాత్రం మూడు నెలల తర్వాత రియాద్‌లో ఒక గదిలో పదిమంది మధ్య కూర్చుని క్యాసెట్‌లో చూశాడు. మా ఖాందాన్‌లో ఇట్లాంటివి రెండు జరిగాయి. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. అందుకే ఆ పాత వీడియోల్లో కెమెరా ప్రతి ఒక్కరి మొహం మీద అంతసేపు ఆగుతుంది. రాలేకపోయిన మనిషికి అందరినీ చూపించాలి కదా.

క్యాసెట్లకు బూజు పట్టడం మొదలయ్యాక స్టూడియోల వాళ్లు వీసీడీ చేసిస్తామన్నారు. వీసీడీ పద్ధతి 1993లో ఖరారైంది. ఒక డిస్కులో పట్టేది సుమారు 74 నిమిషాలు, బొమ్మ సైజు 352×288. మూడు గంటల క్యాసెట్ మూడు డిస్కులైంది: ఒకటిలో నికాహ్, రెండోదాంట్లో రుఖ్సతీ, మూడోదాంట్లో వలీమా. తర్వాత డీవీడీ వచ్చింది. 4.7 జీబీ, 720×576, ఇది మెరుగే. సీడీ చేయించాం కదా అని చాలామంది క్యాసెట్లు కబాడీకి వేసేశారు. ఇక జపాన్‌లో ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో మన రెండు జిల్లాలూ ముక్కలయ్యాయి. డిస్కు మీద మార్కర్‌తో 'జగిత్యాల, జిల్లా కరీంనగర్' అని రాసి ఉంటే మన పిల్లలకు అదీ ఒక తారీఖే.

ఆ డిస్కుల్లో ఏముంది? ఖాజీ సాబ్ గొంతులో మెహెర్ రఖం ఉంది, 'సిక్కా-ఎ-రాయిజుల్ వఖ్త్' అనే మాటతో సహా. ఏ ఏట ఎంత మెహెర్ కట్టారో పది డిస్కులు వరుసగా చూస్తే తెలుస్తుంది. ఏ ఇంట్లో జహేజ్ సామాను ఎప్పటినుంచి వరసగా పేర్చి కెమెరాకు చూపించారో కూడా తెలుస్తుంది. సిగ్గుపడాల్సిన తారీఖ్ కూడా తారీఖే. మునిగిన ఊర్లు కూడా ఉన్నాయి. గోదావరి మీద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు 2004లో పునాది పడింది. నీళ్లు నిలిచాక అటు పాత ఆదిలాబాద్, ఇటు పాత కరీంనగర్ జిల్లాల ఊర్లు లోపలికి పోయాయి. ఆ ఊర్లలో జరిగిన షాదీల వీడియోల్లో బారాత్ నడిచిన గల్లీ, మస్జిద్ గోడ, వేపచెట్టు కింద దేగ్‌లు ఉంటాయి. ఇప్పుడు ఆ గల్లీ ఉన్నది ఆ డిస్కులో మాత్రమే.

ఆ డిస్కు ఎక్కువ రోజులు ఉండదు. స్టూడియోలో రాసిన డిస్కుల్లో సమాచారం ఉండేది ఒక రసాయన రంగు పొరలో. వేడికి, వెలుతురుకు అది పాడవుతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే మన దగ్గర, రేకుల ఇంట్లో, టీవీ మీద పెట్టిన డిస్కు గతి ఏమవుతుందో ఊహించండి. వీసీడీ మరీ నాజూకు. మామూలు డేటా సీడీలో తప్పులు సరిదిద్దే ఏర్పాటు ఎక్కువగా ఉంటుంది. వీసీడీలో వీడియోకు జాగా కోసం దాన్ని చాలావరకు తీసేశారు. ఒకే గీత పడితే డేటా సీడీ తట్టుకుంటుంది, వీసీడీ ఆగిపోతుంది.

ఇక పని. మెత్తటి బట్టతో నడిమి నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. డీవీడీ అయితే ముందు డిస్కు మొత్తాన్ని ఐఎస్ఓ ఫైలుగా దించుకోండి. గీతలు పడ్డదానికి 'డీడీరెస్క్యూ' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, చదవలేని చోటు వదిలి ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి ప్రయత్నిస్తుంది. రాత్రంతా పట్టొచ్చు, సబర్ చేయండి. డీవీడీలో 'వీడియో_టీఎస్' ఫోల్డర్లో వీఓబీ ఫైళ్లుంటాయి. ఒక్కోటి 1 జీబీ దాటదు కాబట్టి ఖుత్బా మధ్యలోనే ఫైలు తెగిపోతుంది. 'మేక్ఎంకేవీ' వాటిని కలిపి, క్వాలిటీ తగ్గకుండా ఒకే ఫైలు చేస్తుంది. వీసీడీకి ఐఎస్ఓ పనికిరాదు. 'ఎంపెగ్ఏవీ' ఫోల్డర్లోని డాట్ ఫైలును కాపీ చేసుకొని, 'ఎఫ్ఎఫ్ఎంపెగ్'తో మామూలు ఎంపెగ్ ఫైలుగా తీయాలి. ఈ మొదటి కాపీని ముట్టుకోవద్దు. అది అసల్, రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టండి, ఒకటి వేరే ఇంట్లో.

దీన్నే ఎడిట్ చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు గానీ తిప్పలు పెడుతుంది. డీవీడీ వీడియోలో పది పదిహేను ఫ్రేములకు ఒక్కటే పూర్తి బొమ్మ, మిగతావి దాని మీద మార్పులు మాత్రమే. నడిమిట్ల కోస్తే తడబడుతుంది. 'హ్యాండ్‌బ్రేక్'లో ఎంపీ4 చేసుకోండి: హెచ్.264, క్వాలిటీ 18 దగ్గర, ఫ్రేమ్ రేట్ 25 స్థిరంగా. డీవీడీలకు డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి, లేకపోతే దూల్హా చేయి ఊపితే దువ్వెన పళ్లలాగా గీతలొస్తాయి. బొమ్మను 4:3లోనే ఉంచండి. వెడల్పు టీవీకి సాగదీసి దాదా హజ్రత్‌ను లావు చేసిన వీడియోలు వాట్సాప్‌లో చాలా చూశాను. కోతకు 'షాట్‌కట్' చాలు, అదీ ముఫ్త్.

ఇప్పుడు మసలా. మన దగ్గర షాదీ అంటే మర్దానా వేరు, జనానా వేరు. డిస్కు మాత్రం రెంటినీ కలిపేసింది. మాంఝాలో పసుపు రాసుకున్న పద్దెనిమిదేళ్ల దుల్హన్, తల మీద పల్లూ జారిన ఖాలా, ఆ వెంటనే మస్జిద్‌లో ఖుత్బా, అన్నీ ఒకే ట్రాక్‌లో ఉంటాయి. చూపిస్తే మొత్తం చూపించాలి, లేకపోతే అసలే వద్దు. అందుకే చాలా ఇండ్లల్లో ఆ డిస్కులు పాతికేళ్లుగా తాళంలోనే ఉన్నాయి. దానికి దాయాల్సి వచ్చిన ధర: ఇంతఖాల్ అయిన దాదా నవ్వు మనవలు ఎన్నడూ చూడలేదు, షికాగోలో ఉన్న పోతా ఆయన గొంతు ఎన్నడూ వినలేదు. ఫైలు చేసుకుంటే రెంటినీ విడదీయొచ్చు. మర్దానా ఒక ఫైలు, ఖాందాన్ గ్రూపుకు. జనానా వేరే ఫైలు, వేరే పెన్‌డ్రైవ్. బొమ్మ లేకుండా గొంతు ఒక్కటే కావాలంటే అదీ తీయొచ్చు. నానీ పాడిన ఢోలక్ గీత్ అట్లానే బయటికి తీశాను, తెర నల్లగా ఉంటుంది, పాట మాత్రం వస్తుంది. అయితే స్టూడియో వాళ్లు చాలా చోట్ల అసలు చప్పుడు తీసేసి సినిమా పాట పెట్టారు. అది తిరిగి రాదు. ఎడిట్ చేయని రా క్యాసెట్ ఎవరి దగ్గరైనా ఉందేమో ఖాందాన్ మొత్తం అడగండి, అప్పుడప్పుడు దొరుకుతుంది.

ఈ పని వీలైతే ఇంట్లోనే చేసుకోండి. దుకాణంలో ఇస్తే కాపీ వాళ్ల కంప్యూటర్లోనూ ఉండిపోతుంది, అమానత్ బయటపడ్డట్టే. కాలేజీకి పోయే బేటీ ఉంటే ఆమెకు అప్పగించండి, జనానా భాగం ఆమే కోస్తుంది.

ఏది ఉంచాలి, ఎవరు చూడాలి అన్నది ఇంటి పెద్దమగవాళ్లు తేల్చే మాట కాదని నా రాయ్. ఆ మొహం ఎవరిదో వాళ్లను అడగాలి. పోయిన రంజాన్ తర్వాత ఒక ఫుప్పూ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకొని కూర్చున్నా. 1996లో దుల్హన్, ఇప్పుడు తనే నానీ. నికాబ్‌లోనే ఉంటుంది, అంతా తీసేయమంటుందనుకున్నా. గంటసేపు చూసింది. తన జనానా భాగం కోడళ్లకు, మనవరాళ్లకు ఇవ్వమంది. ఒక్క చోట ఆపమని చెప్పింది: రుఖ్సతీలో తను ఏడుస్తుంటే పక్కన నిలబడ్డ ఒక పొలగాడు, పొరుగింటి వాళ్లబ్బాయి, షర్బత్ గ్లాసు పట్టుకొని తనూ ఏడుస్తున్నాడు. వాడి పేరేందని అడిగింది. నాకు తెలియదు. ఫోన్ తీసి ఆదిలాబాద్‌లోని తన చెల్లెకు కలిపింది.