లాభం, రెండు, మూడు: బొల్లారం బజారు నుంచి నిలవ లాభం లెక్క దాకా

సికిందరాబాదుకు ఉత్తరాన ఉన్న బొల్లారం పంతొమ్మిదో శతాబ్దంలో హైదరాబాదు కాంటింజెంటు అనే సైన్యానికి ప్రధాన స్థావరం. నిజాం సొమ్ముతో పోషణ పొందుతూ బ్రిటిషు అధికారుల ఆజ్ఞల్లో నడిచిన ఈ దళానికి పేరుకుపోయిన జీతాల బాకీయే, 1853 ఒప్పందంలో బీరారు జిల్లాలు ఈస్టిండియా కంపెనీ నిర్వహణలోకి పోవడానికి కారణమయింది. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి, 1860లో కట్టిన బ్రిటిషు రెసిడెంటు విడిది (నేటి రాష్ట్రపతి నిలయం) బొల్లారం పేరును చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కించాయి గాని, కంటోన్మెంటును బతికించినవి బియ్యం, గోధుమ, నూనె, నెయ్యి, పశుగ్రాసం అమ్మిన బజార్లే.

ఆ బజార్ల వర్తకుడికి లెక్క రెండు నాణేల మధ్య నలిగేది. కంటోన్మెంటులో చెల్లేది బ్రిటిషు ఇండియా రూపాయి, అనగా కల్దారు. పొలిమేర దాటితే నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా. ఇంచుమించుగా ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు మారకం కాబట్టి, పల్లెలో హాలీలో కొన్న సరుకును కల్దారులో అమ్మినవాడు రెండు పద్దులనూ ఒకే నాణెంలోకి తేకుండా తన లాభం ఎంతో చెప్పలేడు. ఈ చిక్కు పైకి చిన్నదిగా కనిపించినా, కొలిచే రూపాయి మారిపోతే కొలత ఏమవుతుందన్న ప్రశ్న ఇప్పటి కంపెనీ లెక్కల్లోనూ తప్పలేదు.

తెలుగు నాట ధాన్యం కొలిచేవారు మొదటి కొలతను ‘ఒకటి’ అనక ‘లాభం’ అని, తరువాత ‘రెండు, మూడు’ అని లెక్కపెట్టడం పాత ఆచారం. శుభం పలకడమే దాని ఉద్దేశమైనా, లాభాన్ని రాశిలో మొదటి మానికగా కలిపేసే ఆ పలుకులో సొంత వ్యాపారపు లెక్కల తీరంతా ఇమిడి ఉన్నది. రోజువారీ పద్దులు రాసుకొనే చిట్టాలో గాని, ఖాతాల వారీగా వాటిని ఎత్తిరాసే ఆవర్జాలో గాని, ఇంటి ఖర్చుకు తీయగా మిగిలిన లాభం అసలులో కలిసిపోయేది. ఆ మిగులు విడిగా ఎంత సంపాదించిందని అడిగే అవసరం ఎవరికీ లేదు, ఎందుకంటే సొమ్మూ నిర్ణయమూ ఒకే మనిషివి.

ఈ రెండూ విడిపోయింది వాటాల కంపెనీతో. ఏటి లాభంలో వాటాదారులకు పంచేది డివిడెండు. పంచకుండా కంపెనీ అట్టిపెట్టుకొనేది నిలవ లాభం. అది వాటాదారుల సొమ్మే అయినా దానిని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది డైరెక్టర్లు కాబట్టి, నిలవ ఉంచిన ప్రతి రూపాయి కొత్తగా ఎంత తెచ్చిందో కొలిచే పద్ధతి కావలసి వచ్చింది. పద్ధతి కష్టమైనదేమీ కాదు: కొన్నేళ్ల వ్యవధి తీసుకొని, ఆ కాలంలో వచ్చిన మొత్తం లాభంలోంచి పంచిన డివిడెండ్లు తీసివేస్తే నిలవ ఎంతో తెలుస్తుంది, చివరి ఏటి లాభం మొదటి ఏటి లాభం కంటే ఎంత పెరిగిందో చూసి, ఆ పెరుగుదలను నిలవతో భాగిస్తే రాబడి రేటు వస్తుంది. పదేళ్లలో వంద కోట్లు నిలవ ఉంచిన కంపెనీ వార్షిక లాభం పదిహేను కోట్లు పెరిగితే ఆ రేటు నూటికి పదిహేను. రెండు కోట్లే పెరిగితే ఆ సొమ్మును వాటాదారుడు బ్యాంకులో వేసుకొన్నా అంతకంటే మెరుగు.

ఈ ప్రాంతపు కంపెనీల సంగతికి వస్తే, బొల్లారం మీదుగా 1900 ప్రాంతంలో మన్మాడు దాకా వేసిన గోదావరి లోయ రైలుమార్గం నిజామాబాదు సీమను సికిందరాబాదు బజారుకు దగ్గర చేసింది. ఆ సీమలోని బోధనులో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఈ ప్రాంతపు తొలి పెద్ద ఆహార కంపెనీలలో ఒకటి. ప్రభుత్వ హయాంలో అది అనేక యూనిట్లుగా విస్తరించి, 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 చివర మూతపడింది. ఎదిగిన యూనిట్ల సంఖ్యే ప్రగతిగా లెక్కకెక్కిన కాలంలో ఒక్కో యూనిట్‌లో పోసిన సొమ్ము ఏమి తెచ్చిందన్న ప్రశ్న వెనకబడడంలో వింత లేదు.

చట్టం కూడా ఆ ప్రశ్నను వెనక్కే నెట్టింది. 1974లో కంపెనీల చట్టానికి చేసిన సవరణ, దాని కింద 1975లో వచ్చిన నియమాలు, చెల్లించిన మూలధనం మీద పది శాతానికి మించి డివిడెండు ఇవ్వదలచిన కంపెనీ ముందుగా లాభంలో కొంత భాగాన్ని రిజర్వుకు మళ్లించాలని శాసించాయి. డివిడెండు ఇరవై శాతం దాటితే ఆ భాగం లాభంలో పదోవంతు. దాచడమే సద్గుణం, పంచడమే దుబారా అన్న గృహస్థు నీతి ఇందులో కనిపిస్తుంది. దాచినదాన్ని ఏమి చేశారో మాత్రం నియమం అడగదు. 2013 చట్టం ఈ నిర్బంధాన్ని ఎత్తివేసి, ఎంత మళ్లించాలో కంపెనీల ఇష్టానికే వదిలింది.

నిలవ లాభం ఏమి తెచ్చిందన్న కొలతను సామాన్య మదుపరుల నోటికి ఎక్కించినవాడు అమెరికా పెట్టుబడిదారుడు వారెన్ బఫెట్. నిలవ ఉంచిన ప్రతి డాలరుకూ కాలక్రమంలో కనీసం ఒక డాలరు మార్కెట్ విలువ ఏర్పడాలన్నది 1980లలో ఆయన తన వాటాదారులకు చెప్పిన పరీక్ష. ఆయన ఉదాహరణల్లో ప్రసిద్ధమైనది ఆహార కంపెనీయే కావడం గమనార్హం: 1972లో రెండున్నర కోట్ల డాలర్లకు కొన్న సీస్ క్యాండీస్ అనే మిఠాయి సంస్థ పన్నుకు ముందు లాభం అప్పట్లో 50 లక్షల డాలర్లకు లోపే, 2007లో అది 8.2 కోట్లు. ఈ మధ్యకాలంలో వ్యాపారంలో అదనంగా పెట్టవలసి వచ్చింది 3.2 కోట్లు మాత్రమే, తక్కినదంతా యజమానికి చేరింది. అదనంగా పెట్టిన డాలరుకు ఏటా రెండు డాలర్లకు పైగా అదనపు లాభం వచ్చిందన్నమాట. ఇది అరుదైన అదృష్టం. దీన్ని గజంబద్దగా పట్టుకొని తిరిగితే ప్రతి ఆహార కంపెనీ పొట్టిగానే కనిపిస్తుంది.

సికిందరాబాదు సరోజినీదేవి రోడ్డు నుంచి నడిచిన ఆగ్రో టెక్ ఫుడ్స్ కథ ఈ కొలతకు స్థానికంగా దొరికే మంచి ఉదాహరణ. 1986లో ఐటీసీ ఆగ్రోటెక్‌గా పుట్టి, సన్‌డ్రాప్ పొద్దుతిరుగుడు నూనెతో ఇంటింటా పేరు తెచ్చుకొన్న ఈ సంస్థ, 1990ల చివర అమెరికాకు చెందిన కాన్ఆగ్రా చేతికి వచ్చి, 2000లో పేరు మార్చుకొన్నది. నూనెలో మిగులు పలచన. పోటీ పెరిగినకొద్దీ అది మరీ పలచబడుతుంది. అందువల్ల యాజమాన్యం నూనె లాభాన్ని పేలాలవైపు, వేరుశనగ వెన్నవైపు మళ్లించి, యాక్ట్ టూ పాప్‌కార్న్‌ను వీధి దుకాణం దాకా తెచ్చి, కొత్తూరు, కాశీపూర్, ఝగడియా, ఉన్నావ్ వంటి చోట్ల కార్ఖానాలు నెలకొల్పింది. ఆలోచన సబబైనదే. 2012-13 నాటికి ఏటి నికర లాభం సుమారు 40 కోట్ల రూపాయలు. ఆ తరువాతి పదకొండేళ్లలో పది రూపాయల వాటాకు డివిడెండు రెండు మూడు రూపాయలను మించలేదు, వాటాలేమో రెండున్నర కోట్లకు లోపే. కనుక పంచినది స్వల్పం, నిలవ ఉంచినది రెండు వందల కోట్లకు పైమాటే. అయినా 2023-24 లాభం 2012-13 లాభంలో మూడోవంతు కూడా లేదు. లాభపు పెరుగుదలను నిలవతో భాగించే పై సూత్రంలో వేస్తే రాబడి రేటు సున్నాకు దిగువన తేలుతుంది.

ఈ అంకెను తీర్పుగా చదవడం మాత్రం తొందరపాటు. కొత్త కార్ఖానా మొదటి రోజు నుంచే తరుగుదలను, అనగా యంత్రాల అరుగుదల కింద ఏటా రాసే ఖర్చును, లాభంలోంచి కోస్తుంది. అందులో తయారయ్యే సరుకుకు గిరాకీ మాత్రం మెల్లగా వస్తుంది. ప్రకటనల మీద పెట్టినది నిజానికి పెట్టుబడి వంటిదే అయినా పద్దుల్లో అదే ఏటి ఖర్చుగా పోతుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ధర ఎగిసిపడి నూనె వ్యాపారాలన్నిటినీ కుదిపింది. మొదలు ఏడు మంచిదై, చివరి ఏడు చెడ్డదైతే మధ్యలోని శ్రమంతా కనబడకుండా పోతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు కొసల్లోనూ మూడేసి ఏళ్ల సగటు తీసుకొంటారు. ఆ సవరణ చేసినా ఆగ్రో టెక్ లెక్కలో లోటు తగ్గుతుందే గాని తీరదు. కల్దారు, హాలీ చిక్కు తిరిగి వచ్చేదీ ఇక్కడే: 2013 రూపాయికీ 2024 రూపాయికీ కొనుగోలు శక్తి ఒకటి కాదు గనక, ధరల పెరుగుదలను తీసివేస్తే ఆ లోటు ఇంకా లోతవుతుంది. సికిందరాబాదు వర్తకుడికి మారకపు రేటైనా అందుబాటులో ఉండేది. రెండు కాలాల రూపాయలకు అంత సులువైన మారకం లేదు.

2024లో కాన్ఆగ్రా తన వాటాను అమ్ముకొని తప్పుకొన్నది. కొత్త యజమానుల కింద సంస్థ, డెల్ మాంటే అనే ఆహార బ్రాండు భారతీయ వ్యాపారాన్ని కొత్త వాటాలు ఇచ్చి కలుపుకొని, 2025లో సన్‌డ్రాప్ బ్రాండ్స్ అనే పేరు పెట్టుకొన్నది. ఇకమీదట వచ్చే లాభంలో ఎంత పాత నిలవ తెచ్చినదో, ఎంత కొత్త వాటాల వెల తెచ్చినదో విడదీయడం కష్టం కనుక, 1986లో మొదలైన ఆవర్జా ఈ పద్ధతి కొలతకు ఆ సంవత్సరంతో ముగుస్తుంది.