గోటిలోని ఈస్టుకు పేరు దొరికిన తీరు

గోరుచుట్టు, పిప్పిగోళ్లు, శోభి మచ్చలు అన్న పేర్లు జబ్బు పైకి కనబడే తీరునుబట్టి పుట్టినవి. వాటికి కారణమయ్యే ఈస్టులను అలా చూపుతో పోల్చుకోవడం కుదరదు. మైక్రోస్కోపు కింద చాలా జాతులు ఒకేలా ఉంటాయి: గుండ్రటి కణమో, కోలగా ఉన్న కణమో, దాని పక్కన ఒక చిన్న మొగ్గ. ఆకారం ఆనవాలు కానప్పుడు జాతిని దేన్నిబట్టి తేల్చాలన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం నూట యాభై ఏళ్లకు పైగా జవాబు వెతుక్కుంది.

ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రోబాన్ 1853లో నోటిపూత కలిగించే ఈస్టును ఆల్బికాన్స్ అన్నాడు. శోభి మచ్చల శిలీంధ్రానికి ఫర్‌ఫర్ అన్న పేరు కూడా ఆ ఏడాది ఆయన పెట్టిందే. ఆ తర్వాత చాలాకాలం రోగుల నుంచి వేరుచేసిన ఈస్టుల్లో చాలావాటిని మోనీలియా అనే ప్రజాతిలో చేర్చేశారు. పండ్లను కుళ్లబెట్టే బూజులకూ అదే ఇల్లు. ఈ కలగాపులగాన్ని విడదీసింది క్రిస్టీన్ బెర్ఖౌట్. 1923లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆమె కాండిడా ప్రజాతిని ఏర్పరచింది.

ప్రజాతి తేలినా జాతుల చిక్కు అలాగే ఉండిపోయింది. దానికి ఒక దారి అప్పటికే కొలంబోలో కనబడింది. 1903 నుంచి 1915 దాకా సిలోన్‌లో పనిచేసిన ఇటలీ వైద్యుడు ఆల్డో కాస్టెల్లాని రోగుల ఈస్టులను రకరకాల చక్కెరల్లో పులియబెట్టి చూశాడు. ట్రోపికాలిస్ అనే జాతిని 1910లో, గిల్లియర్‌మోండి అనే జాతిని 1912లో ఆయనే వర్ణించాడు. ఆ పరీక్ష సులువైనది. చక్కెర ద్రావణం ఉన్న గాజుగొట్టంలో ఒక బుల్లి గొట్టాన్ని బోర్లించి, ఈస్టును కలిపి వెచ్చగా ఉంచుతారు. ఈస్టు ఆ చక్కెరను పులియబెడితే బుల్లి గొట్టం కొసన గాలిబుడగ నిలుస్తుంది, లేకపోతే నిలవదు. గ్లూకోజు, మాల్టోజు, సుక్రోజు, లాక్టోజు గొట్టాలను వరసగా పెట్టి, ఎందులో బుడగ నిలిచిందో చూసి జాతిని ఊహించేవారు.

హాలెండ్‌లోని డెల్ఫ్ట్ నగరంలో లోడర్, డిడెన్స్, క్రెగెర్ వాన్ రై అనే మహిళలు ఈ పద్ధతికి శాస్త్రీయమైన కట్టుబాటు తెచ్చారు. 1952లో లోడర్, క్రెగెర్ వాన్ రై వెలువరించిన ఈస్టుల గ్రంథం ప్రయోగశాలలకు ప్రామాణికమైంది. అమెరికాలోని పియోరియాలో వికర్‌హామ్ 1951 నాటికి పులియబెట్టే చక్కెరలతో ఆగకుండా, ఈస్టు ఏయే పదార్థాలను తిని పెరగగలదో పరీక్షించే విస్తృత పద్ధతిని రూపొందించాడు. ఒక్కో ఈస్టుకు పదుల కొద్దీ గొట్టాలు, వారాల కొద్దీ నిరీక్షణ. ఆస్పత్రిలో రోగి అంతకాలం ఆగలేడు.

అందుకే 1960లో టాష్‌జియన్ బృందం ప్రకటించిన పరీక్ష అంతగా ఆదరణ పొందింది. ఈస్టును కాస్త సీరంలో కలిపి 37 డిగ్రీల దగ్గర రెండుమూడు గంటలు ఉంచితే, ఆల్బికాన్స్ కణాల నుంచి గింజ మొలకెత్తినట్టు సన్నని గొట్టాలు పొడుచుకొస్తాయి. మొదలు దగ్గర నొక్కు లేకుండా సాఫీగా సాగితేనే అది అసలైన మొలక. ఈ సౌకర్యం ఒక నష్టాన్నీ వెంటబెట్టుకొచ్చింది. మొలక రానివాటిని ‘ఆల్బికాన్స్ కానివి’ అని రాసి పక్కన పెట్టేయడం అలవాటైంది. అరుదైనవిగా పేరుపడ్డ జాతుల్లో కొన్నిటి అరుదుతనం ఈ అలవాటు ఫలితం కావచ్చు. పారాప్సిలోసిస్ అనే జాతినే తీసుకుంటే, 1928లో ప్యూర్టోరికోలో ఆష్‌ఫర్డ్ దాన్ని విరేచనాల రోగి మలంలో కనుగొన్నాడు. తర్వాత చూస్తే గోళ్ల నుంచి తరచుగా దొరికే కాండిడాల్లో అదొకటి. 2005లో అది మూడు జాతులుగా విడిపోయింది.

శోభి ఈస్టు కథ వేరు. మామూలు పోషక మాధ్యమాల్లో అది పెరగదు. నూనె పదార్థం లేనిదే దానికి బతుకు లేదని న్యూయార్క్‌లో రోడా బెన్‌హామ్ 1939లో చూపింది. నూనె అవసరాన్నిబట్టి దాన్ని గుర్తించవచ్చని తెలిసినా అందులోని జాతులు విడివడడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1996లో గెఓ బృందం ఆ ఈస్టు ప్రజాతి అయిన మలసేజియాలో ఏడు జాతులను లెక్కతేల్చింది. వెంట్రుకలకు తెల్లని గడ్డలు కట్టించే ట్రైకోస్పోరాన్‌లోనూ బీగెలీ అన్న ఒక్క పేరు కింద అనేక జాతులు దాగి ఉన్నాయని 1992లో ఆ బృందమే తేల్చింది.

మలుపు మళ్లీ పియోరియా నుంచే వచ్చింది. 1998లో కర్ట్స్‌మన్, రాబ్‌నెట్ దాదాపు 500 జాతుల ఈస్టుల్లో రైబోసోము జన్యువులోని సుమారు 600 అక్షరాల ముక్కను చదివి పోల్చారు. ఒకే జాతివాటిలో తేడా మూడక్షరాలకు మించడం అరుదు. ఒక శాతం దాటితే సాధారణంగా వేరే జాతి. ఆ తర్వాత ప్రొటీన్ల బరువులను కొలిచి నిమిషాల్లో పేరు చెప్పే మాల్డి టాఫ్ యంత్రాలు వచ్చాయి. అయితే యంత్రం తన జాబితాలో ఉన్న పేర్లనే చెప్పగలదు. 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవి నుంచి వేరుచేసిన కాండిడా ఆరిస్ చర్మం మీద నిలదొక్కుకుని ఆస్పత్రుల్లో పాకే ఈస్టు. జాబితాల్లో దాని పేరు చేరక ముందు సాధారణ పరీక్షా కిట్లు దాన్ని హీములోని అనే మరో కాండిడాగా తప్పుగా చెప్పేవి. పేరులో పొరపాటు మందులోనూ పొరపాటుకు దారితీస్తుంది. ఉదాహరణకు, క్రూసీ అనే కాండిడాకు ఫ్లూకోనజోల్ అనే మందు సహజంగానే పనిచేయదు.

గోటి విషయంలో మరో జాగ్రత్త ఉంది. నీళ్లలో నానే చేతుల గోళ్ల కింద ఈస్టు జబ్బు చేయకుండా ఊరికే కాపురం ఉండవచ్చు. గీకి తీసిన గోటిపొడిని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి చూసినప్పుడు అందులో ఈస్టు కనబడాలి, మళ్లీ పెంచి చూసినప్పుడూ అదే జాతి రావాలి. అప్పుడే దాన్ని రోగకారకమని నమ్మడం సబబు. జన్యువును చదివే రోజుల్లోనూ గోటి పరీక్ష మొదలయ్యేది ఆ చుక్క ద్రావణంతోనే.