ఆధార్ కార్డు పోయిందా..? చిరిగిపోయిందా..? ముందు చూసుకోవాల్సింది ఫోన్ నంబరే!

ఆధార్ కార్డు పర్సుతో సహా పోయిందనో, వానకు తడిసి అక్షరాలు చెరిగిపోయాయనో చాలామంది కంగారు పడిపోతుంటారు. నిజానికి కార్డు పోతే మళ్లీ తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు. 12 అంకెల నంబర్ జీవితాంతం ఒకటే. కొత్త నంబర్ ఇవ్వరు, మళ్లీ నమోదు చేయించుకోవాల్సిన పని కూడా లేదు. చిక్కంతా ఎక్కడొస్తుందంటే, ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబర్ ఇప్పుడు వాడకంలో లేకపోతే! ఎందుకంటే ఓటీపీ ఆ నంబర్‌కే వెళ్తుంది.

ఆ నంబర్ పనిచేస్తుంటే పది నిమిషాల పనే. యూఐడీఏఐకి చెందిన మైఆధార్ పోర్టల్‌లోకి వెళ్లి, ఆధార్ నంబర్ కొట్టి, ఓటీపీ ఇస్తే ఈ-ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ అవుతుంది. పైసా ఖర్చు లేదు. 12 అంకెలు గుర్తులేకపోయినా ఫర్వాలేదు. అదే పోర్టల్‌లో పోయిన నంబర్‌ను తిరిగి పొందే ఆప్షన్ ఉంది. అక్కడ పేరు మాత్రం ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఇవ్వాలి.

డౌన్‌లోడ్ అయ్యాక చాలామంది ఆగిపోయేది పాస్‌వర్డ్ దగ్గర. ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. అంతే. కానీ మనవాళ్ల కార్డుల్లో చాలావరకు ఇంటిపేరే ముందుంటుంది. అలాంటప్పుడు ఇంటిపేరులోని మొదటి నాలుగు అక్షరాలే కొట్టాలి, పిలిచే పేరువి కాదు. ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం, పక్కన చుక్క ఉంటే ఆ చుక్క కూడా లెక్కలోకి వస్తుంది. మధ్యలో ఖాళీ ఉంటే దాన్ని వదిలేయాలి.

ఫోన్ నంబర్ మారిపోతే ఎలా..?

పదేళ్ల కిందట ఆధార్ తీసుకున్నప్పుడు ఇచ్చిన సిమ్ ఇప్పుడు ఎందరి దగ్గర ఉంది? పెద్దవాళ్లలో కొందరు అసలు నంబరే ఇవ్వలేదు. ఇంకొందరికి పక్కింటివాళ్ల నంబర్ పడి ఉంటుంది. విదేశాల్లో ఉంటున్న మనవాళ్లకూ ఇదే ఇబ్బంది. ఇండియా సిమ్ ఆగిపోతే ఓటీపీ రాదు.

ఇలాంటివాళ్లకు ఒక దారి పీవీసీ కార్డు. ఆధార్ నంబర్ తెలిస్తే చాలు, నంబర్ రిజిస్టర్ కాలేదన్న ఆప్షన్ ఎంచుకుని చేతిలో ఉన్న ఏ ఫోన్‌కైనా ఓటీపీ తెప్పించుకుని ఆర్డర్ పెట్టొచ్చు. కార్డు వివరాలు ముందుగా చూసుకునే వీలు మాత్రం ఉండదు. 2020లో ఈ సేవ మొదలైనప్పుడు 50 రూపాయలు తీసుకున్నారు. ఇప్పుడు ఎంత కట్టాలో ఆర్డర్ పెట్టేటప్పుడే స్క్రీన్ మీద చూపిస్తుంది. ఏటీఎం కార్డు సైజులో, హోలోగ్రామ్, క్యూఆర్ కోడ్‌తో స్పీడ్ పోస్టులో వస్తుంది. తడిసినా పాడవదు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. కార్డు వెళ్లేది ఆధార్‌లో ఉన్న అడ్రస్‌కే. ఇల్లు మారినవాళ్లు ముందు అడ్రస్ మార్పించుకుని అప్పుడు ఆర్డర్ పెట్టాలి.

బజారులో లామినేషన్ షాపుల్లో కొట్టించే ప్లాస్టిక్ కార్డులు వేరు. వాటిలో ఈ భద్రతా గుర్తులు ఉండవు కాబట్టి వాటిని వాడొద్దని యూఐడీఏఐ 2022లోనే చెప్పింది.

నంబరూ గుర్తులేదు, ఫోనూ లేదంటే 1947కు కాల్ చేయాలి. పేరు, ఇతర వివరాలు సరిపోతే ముందు ఎన్‌రోల్‌మెంట్ ఐడీ చెప్తారు. మళ్లీ కాల్ చేసి ఆ ఐడీ, పుట్టిన తేదీ, పిన్‌కోడ్ ఇస్తే ఆధార్ నంబర్ తెలుస్తుంది. లేదంటే ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేసి, కొద్దిపాటి రుసుముతో ప్రింట్ తీసుకోవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన రైతులు, కూలీలు కనుపాపతో ప్రయత్నించాలి. ఎలాగూ కేంద్రం దాకా వెళ్తారు కాబట్టి కొత్త ఫోన్ నంబర్ కూడా అప్పుడే చేర్పించుకోవడం మంచిది. దానికి కాగితాలేవీ అక్కర్లేదు. కదల్లేని పెద్దవాళ్లుంటే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి నంబర్ మారుస్తారు. 2021 నుంచి ఈ సేవ ఉంది.

ఫోన్‌లో ఉంటే సరిపోతుందా..?

పేపర్ లెటర్, ఈ-ఆధార్, ఎంఆధార్ యాప్, పీవీసీ కార్డు.. నాలుగూ సమానంగా చెల్లుతాయని యూఐడీఏఐ చెబుతోంది. బయట మాత్రం అన్నిచోట్లా అలా నడవదు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద బస్సెక్కే మహిళలు ఒరిజినల్ గుర్తింపు కార్డే చూపించాలని, జిరాక్స్‌లు, ఫోన్‌లో కాపీలు చెల్లవని ఆర్టీసీ గతంలోనే స్పష్టం చేసింది. ఫొటో గుర్తుపట్టేలా ఉండాలని కూడా చెప్పింది. చెరిగిపోయిన కార్డుతో రోజూ కండక్టర్‌తో వాదన పెట్టుకునే బదులు ఒక పీవీసీ కార్డు తెప్పించుకోవడమే నయం. చిన్నప్పటి ఫొటో ఉంటే ముందు కేంద్రానికి వెళ్లి మార్పించుకోవాలి. అది ఆన్‌లైన్‌లో కుదరదు.

పోయిన కార్డు ఎవరి చేతిలోనైనా పడిందన్న అనుమానం ఉంటే మైఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు. గత 6 నెలల్లో ఆధార్ ఎక్కడెక్కడ వాడారో కూడా అక్కడే కనిపిస్తుంది. అయితే లాక్ ఉన్నంతకాలం రేషన్ షాపులో, పెన్షన్ తీసుకునే దగ్గర వేలిముద్ర పడదు. ఒకటో తారీఖు లోపే లాక్ తీసేయడం మర్చిపోవద్దు. ఇంటర్నెట్ సెంటర్‌లో డౌన్‌లోడ్ చేయించుకుంటే ప్రింట్ చేతికొచ్చాక ఆ కంప్యూటర్‌లోని ఫైల్‌ను, రీసైకిల్ బిన్‌తో సహా, కళ్లముందే డిలీట్ చేయించాలి.