బొంబాయి ప్లేగు: భయం, విశ్వాసం, మనోధైర్యం

మహమ్మారులు రాజ్యాలను కదిలించాయి, నగరాలను ఖాళీ చేశాయి, సమాజాల నడవడిని మార్చివేశాయి. అయితే చరిత్ర గ్రంథాలలో మృతుల సంఖ్యకు లభించినంత చోటు బ్రతికి బట్టకట్టినవారి మనోవేదనకు లభించలేదు. తమ వంతు ఎప్పుడు వస్తుందోనన్న బెదురు, అయినవారిని విడదీస్తారన్న దిగులు, కడసారి చూపైనా దక్కలేదన్న బాధ – ఇవి లెక్కలకు అందేవి కావు. ఈ అంతరంగ చరిత్రను అర్థం చేసుకోవడానికి 1896లో బొంబాయి నగరాన్ని పట్టి పీడించిన ప్లేగు ఎంతగానో ఉపకరిస్తుంది. తెలంగాణ ప్రాంతం నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్లి, ఆ నగర నిర్మాణంలో రాళ్లెత్తిన కామాఠీల పేరు మీదనే అక్కడ కామాఠీపురా వెలసింది. కనుక తెలుగువారికి ఇది పరాయి ఊరి కథ కాదు.

నగరం ఖాళీ అయిన వేళ

1896 సెప్టెంబరులో రేవుల సమీపాన ఉన్న మాండ్వీ పేటలో డాక్టర్ అకాసియో గాబ్రియేల్ వీగాస్ ఒక రోగిని పరీక్షించి, అది గడ్డల ప్లేగు అని గుర్తించారు. అంతకు రెండేళ్ల క్రితమే, 1894లో, అలెగ్జాండర్ యెర్సిన్ హాంకాంగ్‌లో ఆ వ్యాధిక్రిమిని కనుగొన్నారు. కాని అది మనిషికి ఎలా సోకుతున్నదో అప్పటికి తెలియదు. ఎలుకల ఒంటిపై బ్రతుకుతూ రక్తం పీల్చే చిన్న పురుగుల ద్వారా అది వ్యాపిస్తుందని పాల్ లూయీ సిమోండ్ 1898లో చూపారు. ఆ సిద్ధాంతం అందరి ఆమోదం పొందడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది.

శత్రువు ఎవరో తెలియని స్థితిలో ప్రభుత్వం అనుమానం కలిగిన ప్రతి దానిపైనా దండెత్తింది. మురుగు కాలువలను మందునీళ్లతో కడిగించింది, ఇళ్లకు సున్నాలు కొట్టించింది, రోగుల బట్టలను, సామానులను తగులబెట్టించింది. రోగిని బలవంతంగా ఆసుపత్రికి, ఇంటిలోని మిగిలినవారిని ప్రత్యేక శిబిరాలకు తరలించే పద్ధతి వచ్చింది. 1897 ఫిబ్రవరిలో చేసిన అంటువ్యాధుల చట్టం అధికారులకు అసాధారణమైన అధికారాలను కట్టబెట్టింది.

ఎనిమిది లక్షలకు పైబడిన జనాభాలో దాదాపు సగం మంది 1897 తొలి మాసాల నాటికి నగరం విడిచిపోయారని అంచనా. మిల్లులలో పనివారు కరవయ్యారు. నెల జీతం అందేదాకా ఆగలేని కార్మికులను నిలుపుకోవడానికి యజమానులు ఏ రోజు కూలి ఆ రోజే ఇవ్వవలసి వచ్చింది. రేపటి మీద నమ్మకం సడలిన మనిషికి నేటి కూలి మాత్రమే నిజమని ఈ చిన్న విషయం తెలియజేస్తుంది.

భయానికి మూలాలు

ఆనాటి అధికారులలో పలువురు ప్రజల భయాన్ని అజ్ఞానమని కొట్టివేశారు. కాని ఆ భయానికి కారణాలు లేకపోలేదు. ఆసుపత్రికి వెళ్లినవారిలో అత్యధికులు తిరిగి రాలేదు. అక్కడ ఎవరు వండుతారో, ఏ నీరు తాగిస్తారో, ప్రాణం పోతే ఏ విధంగా సాగనంపుతారో ఇంటివారికి తెలిసే వీలు లేదు. రైల్వేస్టేషన్లలో పరాయి పురుషులు స్త్రీలను తాకి పరీక్షించడం అవమానంగా తోచింది. చావు కంటె ఒంటరి చావు, రోగం కంటె పరువు నష్టం ఎక్కువగా కలచివేశాయి.

సరైన సమాచారం లేని చోట వదంతులు పుట్టడం సహజం. ఆసుపత్రులలో రోగులను చంపి వారి శరీరాల నుండి తైలం తీస్తున్నారన్న పుకారు వ్యాపించింది. 1896 అక్టోబరు 29న సుమారు వెయ్యి మంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రిపై దాడి చేశారు. 1898 మార్చి 9న, కామాఠీపురాకు చేరువలోని మదన్‌పురాలో, జబ్బుపడిన ఒక బాలికను తీసుకుపోవడానికి వచ్చినవారిని నేతకారులు అడ్డగించగా, అది పెద్ద అల్లరిగా పరిణమించింది. పూనాలో సైనికుల చేత ఇళ్లు సోదా చేయించిన ప్లేగు అధికారి ర్యాండ్‌పై 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు. ఆ గాయాలతోనే అతడు మరణించాడు. వ్యాధి కలిగించిన భయం, బలప్రయోగం వల్ల ఆగ్రహంగా మారిన తీరుకు ఈ సంఘటనలే నిదర్శనాలు.

విశ్వాసం చిగురించిన విధం

బలవంతం విఫలమైన చోట ఆదరణ కొంత ఫలించింది. 1897 మార్చిలో ఏర్పడిన బొంబాయి ప్లేగు సంఘానికి జనరల్ గెటాకర్ అధ్యక్షుడు. కఠినమైన సోదాలు ఆ సంఘం హయాములోనే సాగినప్పటికీ, ఆయా కులాలవారు, మతాలవారు తమ తమ ఆసుపత్రులను నెలకొల్పుకోవడానికి కూడ అది ప్రోత్సాహమిచ్చింది. అక్కడ రోగికి తన భాష వినబడింది, తన ఆచారం చెల్లింది, బంధువులు వచ్చి చూడగలిగారు. రోగానికి సరైన మందు అప్పటికి లేదు. అయినా తనవారి మధ్య ఉన్నానన్న ధైర్యం రోగికి, ఏం జరుగుతున్నదో కళ్లారా చూశామన్న ఊరట ఇంటివారికి దక్కాయి. పూనాలో తిలక్ హిందువుల కోసం ప్లేగు ఆసుపత్రిని తెరిచారు. దత్తపుత్రుడు డాక్టర్ యశ్వంత్ నడిపిన చికిత్సాలయంలో సావిత్రీబాయి ఫూలే స్వయంగా రోగులకు సేవ చేసి, ఆ వ్యాధి సోకి 1897 మార్చి 10న కన్నుమూశారు. బాలికలకు చదువు చెప్పిన ఆ తల్లి జీవితంలో చివరి పాఠం అదే.

టీకా విషయంలోనూ ఇదే జరిగింది. వాల్డెమార్ హాఫ్‌కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను 1897 జనవరి 10న మొదట తన శరీరంపైనే ప్రయోగించుకున్నారు. యువకుడైన మూడవ ఆగాఖాన్ తన అనుయాయుల బెదురు తీర్చడానికి అందరి ఎదుట టీకా వేయించుకున్నారు. ఉపన్యాసాల కంటె ఈ ఆచరణ బలమైనది. అయితే విశ్వాసం ఎంత సుకుమారమైనదో 1902లో తెలిసివచ్చింది. పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఒకే సీసా నుండి టీకా పొందిన 19 మంది ధనుర్వాతంతో మరణించారు. నింద హాఫ్‌కిన్‌పై పడింది. 1907లో ఆయన నిర్దోషి అని తేలింది. కాని ఆ ఐదేళ్లలో జరిగిన నష్టాన్ని ఏ తీర్పూ పూడ్చలేకపోయింది.

పల్లె నేర్పిన పద్ధతి

ఈ సందర్భంలో తెలుగు పల్లెల పూర్వాచారం ఒకటి జ్ఞప్తికి రాక మానదు. మశూచి సోకితే “అమ్మవారు పోసింది” అనేవారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంటికి రాకపోకలు తగ్గేవి, రోగి గదిలో మాటల సందడి ఉండేది కాదు. అంటే ఎడబాటు పాటించేవారే. కాని ఆ ఎడబాటులో అవమానం ఉండేది కాదు. రోగి అంటరానివాడు కాలేదు, అమ్మవారు వెలసిన మనిషిగా గౌరవం పొందాడు. మశూచిని రూపుమాపినది టీకా అన్నది నిర్వివాదం. అయినా భయాన్ని భక్తిగా మలచి మనసును నిలబెట్టడంలో ఆ ఆచారానికి పాత్ర ఉన్నదని గుర్తించాలి. శిబిరాలను నడిపిన అధికారులకు లోపించినది ఈ మన్ననే.

శతాబ్దం దాటిన తరువాత

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి, అక్టోబరు 6న ఒక్క రోజునే బొంబాయిలో 768 మందిని బలిగొన్నది. మరల 2020లో కోవిడ్ విజృంభించినప్పుడు చరిత్ర తిరిగి వచ్చినట్లే అనిపించింది. 1897 నాటి చట్టమే మరల అమలులోకి వచ్చింది. నాడు దాడికి గురైన ఆర్థర్ రోడ్‌లోనే కస్తూర్బా ఆసుపత్రి ముంబైలో తొలి కోవిడ్ రోగులను చేర్చుకున్నది. వైద్యసిబ్బందిపై దాడులను అరికట్టడానికి 2020 ఏప్రిల్‌లో ఆ పాత చట్టాన్ని సవరించవలసి వచ్చింది. మార్చి 25న దేశం స్తంభించగానే, పాలమూరు నుండి వలస వచ్చిన కూలీలతో సహా లక్షలాది శ్రామికులు సొంత ఊళ్ల దారి పట్టారు. ఆకలి భయంతో పాటు, ఆపదలో అయినవారి దగ్గర ఉండాలన్న తపన కూడ వారిని నడిపించింది.

అయితే ఈసారి ఒక భేదం కనిపించింది. మనోవేదన కూడ చికిత్స అవసరమైన బాధ అని సమాజం గుర్తించింది. కోవిడ్ తొలి సంవత్సరంలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2020లోనే టెలిఫోను ద్వారా సలహాలు అందించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ-మానస్ సేవ 14416 నంబరుపై తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభిస్తున్నది. బాధను సొంత భాషలో చెప్పుకోగలగడమే సగం ఉపశమనం. నాటి సముదాయ ఆసుపత్రులు చాటిన సత్యమూ అదే.

బొంబాయి ప్లేగు మిగిల్చిన పాఠాలు సులువైనవే, ఆచరణలోనే కష్టమైనవి. భయపడినవారిని గద్దించరాదు, వారి భయానికి కారణమేమిటో వినాలి. నిజాన్ని దాచక, పెంచక చెప్పాలి. రోగిని దూరంగా ఉంచవలసి వచ్చినా, ఒంటరిని చేయరాదు. పిల్లలు పెద్దల ముఖాలు చూసి ధైర్యం నేర్చుకుంటారు, అధైర్యమూ అలాగే నేర్చుకుంటారు. కనుక ఇంటిలో తల్లిదండ్రులకు, బడిలో ఉపాధ్యాయులకు ఈ విషయంలో గల బాధ్యత వైద్యుల బాధ్యతకు తీసిపోదు. పరాయి రాష్ట్రంలో మాతృభాషను నిలుపుకొన్న పాఠశాల అక్షరాలు నేర్పడంతో పాటు, ఆపదలో ఒకరినొకరు తెలుగులో పలకరించుకునే చుట్టరికాన్ని కూడ పెంచుతుంది. ఏ మహమ్మారి వచ్చినా ముందుగా అక్కరకు వచ్చేది ఆ పలకరింపే.