రంగంలో బడి

మా శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు. మా తాతగారు అక్కడే పుట్టి, జపానువాళ్ళ బాంబుల తర్వాత 1942లో పదేళ్ళ కాందిశీకుడిగా ఇంటికొచ్చారు. మూడో తరగతితో ఆగిన ఆయన చదువు మళ్ళీ సాగలేదు.

75 ఏళ్ళ తర్వాత, 2017లో, బట్టల ఫ్యాక్టరీల సాఫ్ట్‌వేర్ పని మీద నేను ఆ ఊరికే వెళ్ళాను. మకాం లైంగ్ నది అవతల లైంగ్‌థార్యార్‌లో. ఐదేళ్ళ మా వాడిని బడిలో వెయ్యాలి. మా కారు డ్రైవరు కొడుకుదీ అదే వయసు. అతను మనవాడే, నాలుగు తరాల కిందట వలస వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు.

ఎందుకు రాదో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. బ్రిటిష్ కాలంలో బర్మాలో బడులు మూడు రకాలు: దేశభాషవి, ఇంగ్లీషు కలిసిన ఆంగ్లో-వెర్నాక్యులర్‌వి, పూర్తి ఇంగ్లీషువి. ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషు మెట్టు ఎక్కాల్సిందే. 1920లో రంగూన్ యూనివర్సిటీ చట్టం మీద విద్యార్థులు సమ్మె చేశారు. బర్మీస్‌లో చదువు చెప్పే జాతీయ పాఠశాలలు దానిలోంచే పుట్టాయి. 1962లో నెవిన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1965లో ప్రైవేటు బడులను జాతీయం చేసే చట్టం తెచ్చాడు. ఆ తర్వాత గుర్తింపు ఉన్న బడి అంటే సర్కారు బడి, చదువు అంటే బర్మీస్. ఆ రోజుల్లోనే లక్షల మంది భారతీయులు దేశం వదిలారు. ఉండిపోయినవాళ్ళ పిల్లలకు తెలుగు అక్షరాలు దూరమయ్యాయి. ప్రైవేటు బడులకు మళ్ళీ చట్టబద్ధంగా తలుపు తెరుచుకున్నది 2011లో.

మేం వెళ్ళేసరికి పద్ధతి కూడా మారుతోంది. పాత లెక్కలో కేజీతో కలిపి మొత్తం 11 ఏళ్ళే. మన పన్నెండో తరగతికి ఎలా సరిపోతుందో నాకు అర్థం కాలేదు. 2016 నుంచి కేజీ, ఆపైన 12 తరగతులు అన్నారు. బడులు తెరవడం మాత్రం మన దగ్గరలాగే జూన్‌లో.

మా వాడి సంగతి తొందరగానే తేలింది. పాస్‌పోర్టు, టీకాల కాగితం, డాలర్లలో ఫీజు. ఇంటర్నేషనల్ స్కూల్లో సీటు వచ్చింది. డ్రైవరు దగ్గర ఫీజు అడగలేదు, కాగితాలడిగారు. పుట్టిన సర్టిఫికెట్టు, ఇంటివాళ్ళందరి పేర్లుండే కుటుంబ జాబితా. లైంగ్‌థార్యార్ 1989లో సైనిక ప్రభుత్వం వేసిన కొత్త టౌన్‌షిప్. 2008 నర్గీస్ తుఫాను తర్వాత డెల్టా నుంచి వచ్చి గుడిసెలేసుకున్నవాళ్ళెందరో. చాలామందికి ఇక్కడి జాబితాలో పేరు లేదు. డ్రైవరు పేరు ఇంకా పాత పేటలోనే ఉంది. పైగా 1982 పౌరసత్వ చట్టం పౌరులను మూడు తరగతులు చేసింది. భారతీయ సంతతివాళ్ళు కార్డు కోసం తాతల కాగితాలు వెతుక్కోవాలి. నాలుగుసార్లు వార్డు ఆఫీసు చుట్టూ తిరిగాక, జూన్ రెండో వారంలో పిల్లవాడు తెల్లచొక్కా, ఆకుపచ్చ లోంజీలో బడికెళ్ళాడు. మా ఆవిడ పరమాన్నం చేసి పంపింది.

2019లో మేం వచ్చేశాం. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ గద్దెనెక్కింది. మార్చి 14న లైంగ్‌థార్యార్‌లో కాల్పులు, ఎందరో చనిపోయారు; మార్షల్ లా పెట్టారు. వేలాది టీచర్లు విధులు బహిష్కరించారు. జూన్ 1న బడులు తెరుస్తామని సైన్యం ప్రకటించింది. పంపితే సైన్యాన్ని ఒప్పుకున్నట్టని ఇరుగుపొరుగు అంటున్నారు, పంపకపోతే పిల్లవాడి ఏడాది పోతుంది.

మే నెలాఖరున డ్రైవరు ఫోన్ చేశాడు. "బాబూ, పంపమంటారా?"

మా తాతగారి మూడో తరగతి గుర్తొచ్చింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అతనే, "ఇంటికాడ నేనే లెక్కలు చెప్తున్నాన్లెండి" అన్నాడు.